ఫ్రీ అని పెట్టుకున్న ఫోటోలకు ఇప్పుడు అద్దె అడుగుతున్నారు

చింతచిగురు | జనవరి 9, రాత్రి 10:42

పండగ ముందు ఈ తలనొప్పి తెచ్చి మీ నెత్తిన పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి.

మిద్దెతోట థ్రెడ్‌లో ఆరేళ్ళుగా ఫోటోలు పెడుతున్నది నేనేనని పాతవాళ్ళకు తెలుసు. నిజానికి ఆ ఫోటోలేవీ ఈ ఫోరంలో లేవు. ఒక ఫ్రీ సైటులో ఎక్కించి, అక్కడిచ్చే లింకు తెచ్చి ఇక్కడ అతికించేదాన్ని. అప్పట్లో అందరం అదే కదా చేసేవాళ్ళం. సోమవారం ఆ సైటు నుంచి మెయిల్ వచ్చింది. "అప్‌గ్రేడ్ చేసుకోండి" అని వారానికి నాలుగు పంపిస్తూనే ఉంటారు, ఇదీ అదేలే అని తెరవలేదు. ఈ రోజు పొద్దున మా మేనకోడలు ఫోన్ చేసి "అత్తా, నీ వంకాయలన్నీ ఏమైపోయాయి?" అంది. చూస్తే ఫోటో ఉండాల్సిన ప్రతి చోటా బూడిదరంగు డబ్బా, దాని మీద తాళం బొమ్మ. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అంతే. నేను రాసిన మాటలు మాత్రం మిగిలాయి. "కింద ఫోటోలో చూడండి, ఆకు వెనకాల తెల్లగా ఉన్నదే పిండినల్లి" అని ఉంది. కింద తాళం.

ఏడాదికి కట్టమన్న డబ్బును రూపాయల్లోకి మార్చి చూశాను. మే నెలలో ఏసీ రాత్రంతా నడిస్తే వచ్చే కరెంటు బిల్లంత ఉంది.

సైటు పేరు రాయను, వాళ్ళతో పేచీ పెట్టుకునే ఓపిక లేదు. నాకు కావలసినవి రెండు సంగతులు. కట్టాలా వద్దా? కట్టకపోతే ఆ ఫోటోలు నా చేతికి వస్తాయా? మొత్తం 1,140 ఉన్నాయి. ఒరిజినల్స్ పాత ఫోన్‌లో ఉండేవి. ఆ ఫోన్ వీధిలోకి వచ్చినవాడికి ఇచ్చి ప్లాస్టిక్ టబ్బు తీసుకున్నాను. ఇప్పుడు ఆ టబ్బులో పుదీనా ఉంది.

మానేరు | జనవరి 9, రాత్రి 10:58

కట్టకండి అక్కా. ఇవాళ కడితే వచ్చే ఏడు రెండింతలు అడుగుతారు. ఫ్రీ, ఫ్రీ అని పిలిచి కూర్చోబెట్టి, విస్తరి వేశాక బిల్లు ఇచ్చినట్టుంది. పక్కా మోసం ఇది.

పెన్నాఒడ్డు | జనవరి 9, రాత్రి 11:20

మోసమా కాదా తర్వాత తేల్చుకుందాం. చింతచిగురు గారూ, ఈ రాత్రికే చేయాల్సిన పని ఒకటుంది. ఆ సైటులో లాగిన్ అయి, మీ ఆల్బం లోపలికి వెళ్ళి చూడండి. ఇలాంటి చోట్ల మామూలుగా బయటి పేజీల్లో ఫోటో కనపడటం ఆపేస్తారు కానీ ఫైలును వెంటనే తీసేయరు. మీకు లోపల ఫోటోలు కనిపిస్తున్నాయంటే సగం గండం గడిచినట్టే. ఆల్బం మొత్తాన్ని దింపుకునే వీలుందేమో వెతకండి. అంతదాకా కోపంలో "డిలీట్ అకౌంట్" మాత్రం నొక్కకండి. చాలామంది చేసే తప్పు అదే.

ఇర్వింగ్_బావ | జనవరి 10, ఉదయం 3:15

ఇక్కడ అమెరికాలో మధ్యాహ్నం, ఆఫీసులో దొంగతనంగా రాస్తున్నా.

నాకు పాత కార్లు బాగుచేసుకునే పిచ్చి ఉందని మీకు తెలుసు. మా కార్ల ఫోరంలో ఒక పెద్దాయన టైమింగ్ బెల్టు మార్చడం ఎలాగో నలభై ఫోటోలతో రాసి పెట్టాడు. ఒక్కో నట్టు, ఒక్కో బాణం గుర్తు. అది చూసుకుంటూ ఒక శనివారం ఇంజను విప్పాను. సగంలో ఉండగా ఫోన్‌లో పేజీ రిఫ్రెష్ అయింది. ఫోటోలు లేవు! ఫోటోలు దాచే సైటు ఆ వారమే డబ్బు కట్టని వాళ్ళవన్నీ ఆపేసింది. ఏ సైటన్నది ఇప్పుడు అనవసరం. ఆ పెద్దాయన అప్పటికి రెండేళ్ళ కిందటే చనిపోయాడు. కట్టేదెవరు? ఆయన పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

కారు రెండు వారాలు గరాజులో నోరు తెరుచుకుని పడి ఉంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

మానేరు | జనవరి 10, ఉదయం 7:02

అదే నేను చెప్పేది. ఇది మోసం కాకపోతే మరేంటి పెన్నాఒడ్డు అన్నా?

పెన్నాఒడ్డు | జనవరి 10, ఉదయం 9:40

సరే, కూర్చుని రాస్తాను. సర్వర్ల దగ్గర పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ వైపు నుంచి కూడా కాస్త చూడండి.

ఫోటో అక్కడ పెట్టి లింకు ఇక్కడ అతికిస్తే ఏమవుతుంది? మన పేజీ తెరిచినప్పుడు అక్షరాలు మన సర్వరు నుంచి వస్తాయి, ఫోటో వాళ్ళ సర్వరు నుంచి వస్తుంది. పేజీకి 20 ఫోటోలు, ఒక్కోటి 3 ఎంబీ అనుకుందాం. ఒకసారి తెరిస్తే 60 ఎంబీ. రోజుకు 200 మంది తెరిస్తే 12 జీబీ. ఆ ఖర్చంతా వాళ్ళది. పోనీ ఆ 200 మందిలో ఒక్కరైనా వాళ్ళ ప్రకటన చూశారా అంటే, వాళ్ళ సైటు మొహమే ఎవరూ చూడలేదు. ప్రకటనల డబ్బుతో బతికేవాడికి ఇంతకంటే చెడ్డ బేరం లేదు.

ఈ కథలో అందరికీ తెలిసినది ఫోటోబకెట్. 2003లో మొదలై, ఒక కాలంలో అమెరికాలో ఏ ఫోరం తెరిచినా దాని లింకులే ఉండేవి. 2007లో ముర్డోక్ వాళ్ళ ఫాక్స్ కంపెనీ కొన్నది, రెండేళ్ళకే చేతులు మారింది. 2017 జూన్ చివర్లో పెద్దగా చాటింపు లేకుండా నిబంధనలు మార్చారు. బయటి సైట్లలో ఫోటో కనపడాలంటే ఏడాదికి 399.99 డాలర్లు. అప్పటి రేటు ప్రకారం పాతిక వేలు దాటుతుంది. కట్టనివాళ్ళ ఫోటోల స్థానంలో స్పీడోమీటరు లాంటి బొమ్మ ఒకటి వచ్చింది. ఫోరాలే కాదు, ఈబేలో, అమెజాన్‌లో సరుకు పెట్టుకున్న చిన్న వ్యాపారుల పేజీలు కూడా రాత్రికి రాత్రి ఖాళీ అయ్యాయి. జనం దుమ్మెత్తిపోశారు. మరుసటి ఏడు ధరలు బాగా తగ్గించారు కానీ, అప్పటికే చాలామంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు.

అది ఒక్కటే కాదు. ఇమేజ్‌షాక్ 2014లోనే డబ్బు కట్టేవాళ్ళకు మాత్రమే అంది. టైనీపిక్ 2019 సెప్టెంబరులో మొత్తానికే మూసేశారు.

కాబట్టి డబ్బు అడగడం మోసమని నేను అనను. అడిగిన పద్ధతి మాత్రం దుర్మార్గం. పదేళ్ళు పోగైన లింకుల్ని పణంగా పెట్టి అడిగారు. కొత్తగా పెట్టేవాటికి డబ్బు, పాతవి అలాగే ఉంటాయి అని ఉంటే ఎవరు కాదనేవారు?

మానేరు | జనవరి 10, ఉదయం 10:11

మరి ముందే తెలియదా వాళ్ళకు, ఖర్చు అవుతుందని? తెలిసే ఫ్రీ ఇచ్చారు. అందరూ అలవాటు పడ్డాక కొక్కెం బిగించారు. చేపను పట్టేవాడు ఎరకు డబ్బు అడగడు కదా. ఇప్పుడు కూడా చూడండి, 2025 అక్టోబరు చివర్లో జియో వాళ్ళతో కలిసి గూగుల్ వాడు 18 నెలలు 2 టీబీ, అంటే రెండు వేల జీబీ, స్టోరేజీ ఫ్రీ అన్నాడు. మా కజిన్ పెళ్ళి వీడియో మొత్తం ఎక్కించాడు. పంతొమ్మిదో నెలలో ఆ 2 టీబీని ఎక్కడికి దింపుతాడు? వాడి ల్యాప్‌టాప్ 256 జీబీ.

పెన్నాఒడ్డు | జనవరి 10, ఉదయం 10:30

ఆ పంతొమ్మిదో నెల మాట నిజమే. ఒప్పుకుంటున్నా.

పూతరేకు | జనవరి 10, మధ్యాహ్నం 1:25

అరిసెల పాకం పొయ్యి మీద పెట్టి రాస్తున్నా, మాడితే మీదే బాధ్యత.

నా పాత వంటల బ్లాగు గుర్తుందా ఎవరికైనా? 2009లో మొదలుపెట్టాను. అప్పుడు తెలుగులో రాసేవాళ్ళందరం ఒకరి బ్లాగుకు ఒకరం వెళ్ళి "చాలా బాగుందండీ" అని రాసుకునే రోజులు. దాంట్లో ఒక పోస్టు ఉంది, పాకం ఎప్పుడు ముదిరిందో ఎలా తెలుస్తుంది అని. పళ్ళెంలో నీళ్ళు పోసి, చుక్క పాకం వేసి, వేళ్ళతో దగ్గరకు తీస్తే ఉండ కట్టాలి. ఆ ఉండను పళ్ళేనికేసి కొడితే టక్కుమనకూడదు, మెత్తగా ఉండాలి. లేతపాకం, ముదురుపాకం, మధ్యలో అరిసెపాకం. తొమ్మిది ఫోటోలు తీశాను. ఒక చేత్తో కెమెరా, ఇంకో చేతికి పాకం.

బ్లాగులోనే ఎక్కించిన ఫోటోలు ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నాయి. ఈ తొమ్మిదే బయటి సైటులో పెట్టాను, పెద్ద సైజులో బాగుంటాయని. అవి పోయాయి. ఇప్పుడు ఆ పోస్టు చదివితే గుడ్డివాడికి దారి చెప్పినట్టు ఉంటుంది. పండగ వచ్చిందంటే ఇద్దరో ముగ్గురో మెయిల్ రాస్తారు, ఫోటోలు కనపడటం లేదండీ అని.

మళ్ళీ తీయొచ్చు. కానీ అందులో మా అమ్మ చెయ్యి ఉంది.

చింతచిగురు | జనవరి 10, మధ్యాహ్నం 1:50

పూతరేకు గారూ, వేబ్యాక్ మెషీన్‌లో చూశారా? పాత పేజీల కాపీలు ఉంటాయని ఎక్కడో చదివాను.

పూతరేకు | జనవరి 10, మధ్యాహ్నం 2:05

చూశానండీ. పేజీ ఉంది. తొమ్మిదిలో రెండు ఫోటోలు కూడా ఉన్నాయి, చిన్న సైజులో. అమ్మ చెయ్యి ఉన్నది లేదు.

పాకం మాడలేదు.

జీబీ_గోల | జనవరి 10, సాయంత్రం 6:33

ఫోరాల్లో లింకులు పెట్టేవాళ్ళు మనలాంటి నలుగురు. మామూలు జనానికి ఈ దెబ్బ తగిలింది గూగుల్ ఫోటోస్ దగ్గరే. 2015 మేలో మొదలుపెట్టినప్పుడు 16 మెగాపిక్సెళ్ళ దాకా ఎన్ని ఫోటోలైనా ఫ్రీ అన్నారు. 2020 నవంబరులో, 2021 జూన్ 1 నుంచి కొత్తవి 15 జీబీ లెక్కలోకి వస్తాయని చెప్పారు. ఆ రోజుకు వాళ్ళ దగ్గర 4 లక్షల కోట్లకు పైగా ఫోటోలు ఉన్నాయని, వారానికి 2,800 కోట్లు కొత్తగా వస్తున్నాయని వాళ్ళే రాశారు. అంత ముందు చెప్పారు, పాతవాటిని లెక్కలోకి తీసుకోలేదు. పెన్నాఒడ్డు గారు చెప్పిన పద్ధతి అదేననుకుంటా.

ఆ 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫోటోలు. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా. నిండిందంటే మెయిల్స్ రావడం ఆగుతుంది. 100 జీబీకి నెలకు 130 రూపాయలు కట్టేవాళ్ళు మా ఆఫీసులో చాలామంది ఉన్నారు. ఫోటోల మీద ప్రేమతో కాదు, మెయిల్ ఆగిపోతుందన్న టెన్షన్‌తో.

మా నాన్నది నిండిపోయిందంటే క్రితం నెల ఇంటికి వెళ్ళినప్పుడు కూర్చున్నాను. ఆయన తీసిన ఫోటోలు ఆరేడు వందలు ఉంటాయేమో. మిగతాదంతా వాట్సాప్ నుంచి దిగినవి. శుభోదయం, కాఫీ కప్పు, గులాబీ. శుభోదయం, హంసలు. ఒకే వెంకటేశ్వరస్వామి ఐదు గ్రూపుల నుంచి ఐదుసార్లు వచ్చాడు. నాలుగు తీసేస్తానన్నాను. "దేవుణ్ణి చెత్తబుట్టలో వేస్తావుట్రా?" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. దేవుళ్ళు ఉంటారు, కాఫీ కప్పులు పోతాయి. కాఫీ కప్పులతోనే 3 జీబీ ఖాళీ అయింది.

స్టూడియో_మావయ్య | జనవరి 10, రాత్రి 8:47

పిల్లలూ, మీరందరూ తిడుతుంటే నాకు మొహం చెల్లడం లేదు. ఎందుకంటే నలభై ఏళ్ళ కిందటే నేనీ వ్యాపారం చేశాను.

1983లో తెనాలిలో స్టూడియో పెట్టాను. పెళ్ళి తీసినా, పాస్‌పోర్టు సైజు తీసినా, కస్టమరుకు ప్రింటు ఇచ్చేవాళ్ళం. నెగటివ్ ఇచ్చేవాళ్ళం కాదు. అది మా దగ్గరే. బటర్ పేపరు కవరులో పెట్టి, నంబరు వేసి, లెడ్జరులో ఎక్కించి, అట్టపెట్టెలో. దాచిపెట్టినందుకు ఒక్క పైసా తీసుకోలేదు, అది ఫ్రీ. కానీ కాపీ కావాలంటే నా గుమ్మం ఎక్కాల్సిందే, నా రేటు ఇవ్వాల్సిందే. ముసలాయన పోయాడని, గోడకు పెట్టడానికి పెద్ద ఫోటో కావాలని పన్నెండేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు ఉన్నారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళతో ఎవరు బేరమాడతారు? వాళ్ళూ ఆడలేదు, నేనూ తగ్గించలేదు.

2011లో షట్టరు దించేశాను. నెగటివ్‌లు మూడు బస్తాలు తేలాయి. బ్లాక్ అండ్ వైట్ ఫిలిం అయితే వెండి తీస్తామని ఒకడు కిలోల లెక్కన కొనడానికి వచ్చాడు. రెండు బస్తాలు తూకం వేసి ఇచ్చేశాను. ఎవరి పెళ్ళిళ్ళో, ఎవరి బారసాలలో. మూడో బస్తా మోసే ఓపిక వాడికి లేక అటక మీదే ఉండిపోయింది.

నిరుడు ఒకావిడ వచ్చింది, అమ్మానాన్నల పెళ్ళి ఫోటో చెదలు తినేసిందని. లెడ్జరులో నంబరు దొరికింది. రెండు రోజులు అటక మీద తుమ్ముతూ వెతికాను. దొరికింది. ఎంత తీసుకున్నానో మాత్రం అడక్కండి.

మానేరు | జనవరి 10, రాత్రి 9:05

మావయ్యా, మీరు కూడానా!

కానీ ఒక తేడా ఉంది. మీరు ప్రింటు ఇచ్చారు. గోడ మీది ప్రింటును మీరు వచ్చి తీసుకుపోలేదు కదా. వీళ్ళు గోడ మీదిదే పీకేశారు.

నిర్వాహకుడు | జనవరి 11, ఉదయం 8:15

రాత్రి తొలగించిన రెండు పోస్టుల సంగతి అడగొద్దు. తిట్లు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి?

సంగతిలోకి వస్తే, నేనూ ఒక మాట చెప్పాలి. ఈ ఫోరంలో ఫోటో అటాచ్ చేసే వీలు పెట్టి నాలుగేళ్ళయింది. 2 ఎంబీ పరిమితి ఉంది. చాలామంది అది చిన్నదని బయటి లింకులే పెడుతున్నారు. పరిమితి ఎందుకంటే, సర్వరు అద్దె నేను, ఇంకో ఇద్దరు కడుతున్నాం కాబట్టి. మీకిది ఫ్రీ. మానేరు గారి లెక్కన నేనూ ఎర వేస్తున్నట్టే. రేపు నా ఉద్యోగం పోతే, నేనే పోతే, ఇక్కడి అక్షరాలు కూడా ఉండవు. పోయినేడు సర్వరు రెన్యువల్ రోజు నేను హాస్పిటల్లో ఉన్నాను, మీకెవరికీ తెలియదు. ఆరు గంటల తేడాలో బతికాం.

కొంప మునిగేదేమీ లేదు. డేటాబేస్ కాపీ ఇంకో సభ్యుడి ఇంట్లో కూడా ఉంటోంది ఇప్పుడు. కానీ ఈ చర్చ చదువుతుంటే ఎవరిని తిడుతున్నారో నాకు ఒక్కోసారి అయోమయంగా ఉంది.

మానేరు | జనవరి 11, ఉదయం 8:40

అన్నా, నీ గురించి అనలేదు. హాస్పిటల్ సంగతి మాకెందుకు చెప్పలేదు? యూపీఐ నంబరు పంపు. గొడవ తర్వాత పడదాం.

ఇర్వింగ్_బావ | జనవరి 11, ఉదయం 8:52

నాకు కూడా. ఇక్కడి నుంచి ఎలా పంపాలో చెప్పు.

చింతచిగురు | జనవరి 12, రాత్రి 9:30

శుభవార్త, సగం దుర్వార్త.

పెన్నాఒడ్డు గారు చెప్పినట్టే లోపల ఫోటోలన్నీ ఉన్నాయి. ఆల్బం మొత్తం దింపుకునే బటన్ సెట్టింగ్స్‌లో మూడో పొరలో దాక్కుని ఉంది, దొరికింది. జిప్ ఫైలు ఇచ్చారు. మా ఇంటి నెట్ రెండుసార్లు మధ్యలో తెగింది, మూడోసారికి దిగింది. లెక్కపెడితే 1,138. రెండు ఏమయ్యాయో తెలియదు, పోనివ్వండి.

దుర్వార్త ఏమిటంటే, పేర్లన్నీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. తేదీలన్నీ జనవరి 12, 2026 అంటున్నాయి. ఆరేళ్ళ తోట ఒక్క రోజులో పూసి కాసినట్టుంది. ఏది ఏ సంవత్సరం కాకరకాయో నాకే తెలియడం లేదు.

పెన్నాఒడ్డు | జనవరి 12, రాత్రి 10:05

ఫోల్డరులో కనిపించేది ఫైలు మీ కంప్యూటరులోకి వచ్చిన తేదీ. అది చూసి కంగారుపడకండి. కెమెరా ఫోటో తీసేటప్పుడు తేదీ, సమయం, ఒక్కోసారి ఊరు కూడా ఫైలు లోపలే రాస్తుంది. ఎగ్జిఫ్ అంటారు. ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో "డేట్ టేకెన్" ఉందేమో చూడండి. ఉంటే ఎగ్జిఫ్‌టూల్ అనే ఫ్రీ ప్రోగ్రాంతో ఆ తేదీనే ఫైలు పేరుగా ఒకే దెబ్బలో మార్చేయవచ్చు.

వాట్సాప్‌లో ఫోటోగా పంపి మళ్ళీ దింపుకున్నవాటిలో మాత్రం ఆ తేదీ ఉండదు, వాట్సాప్ దాన్ని చెరిపేస్తుంది. గూగుల్ ఫోటోస్ నుంచి టేకౌట్‌తో, అంటే అన్నీ ఒకేసారి దింపుకోవడానికి గూగుల్ వాళ్ళే ఇచ్చే సౌకర్యంతో, దింపుకునేవాళ్ళకు కూడా ఒక మాట. ఫోటోతో పాటు జేసన్ అనే చిన్న ఫైలు ఒకటొకటి వస్తుంది. చెత్త అనుకుని తీసేయకండి, అక్కడ మీరు సరిచేసిన తేదీలు, రాసుకున్న వివరాలు అందులోనే ఉంటాయి.

చింతచిగురు | జనవరి 12, రాత్రి 10:48

ఉన్నాయి! చాలావాటిలో ఉన్నాయి. ఒక 90 వాటిలో లేవు, అవి మా మేనకోడలు వాట్సాప్‌లో పంపినవి.

జీబీ_గోల | జనవరి 13, ఉదయం 7:20

ఇప్పుడు వీటిని ఎక్కడ పెడతారు? మళ్ళీ ఇంకో ఫ్రీ సైటులో అయితే ఐదేళ్ళకు ఇదే థ్రెడ్ ఇంకోసారి రాయాలి. ఇమ్గర్ కూడా 2023 మేలో నిబంధన మార్చి, ఖాతా లేకుండా ఎక్కించి ఎవరూ చూడని పాత ఫోటోల్ని తీసేస్తామంది. ఫ్లికర్ 2013లో ప్రతి ఒక్కరికీ 1 టీబీ అంది. 2018లో స్మగ్‌మగ్ అనే ఇంకో ఫోటోల కంపెనీ దాన్ని కొన్నాక, ఫ్రీ ఖాతాకు 1,000 ఫోటోలే, ఎక్కువుంటే పాతవాటితో మొదలుపెట్టి తీసేస్తామంది. గడువు కొంచెం పొడిగించి 2019లో అమలుచేశారు.

పెన్నాఒడ్డు | జనవరి 13, ఉదయం 9:00

ఫ్లికర్ విషయంలో ఒకటి చేర్చాలి. ఫ్రీ సభ్యుల్లో 97 శాతానికి పైగా వెయ్యి లోపే ఉన్నవాళ్ళని వాళ్ళే చెప్పారు, అంటే దెబ్బ తగిలింది కొద్దిమందికి. ఇంకోటి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చిన ఫోటోలను తీసేయబోమన్నారు. నలుగురూ వాడుకోవచ్చని వదిలినవి మిగిలాయి, నావి అని పట్టుకున్నవి గాలిలో పడ్డాయి.

దాని వల్లే నాకొక ఆలోచన వచ్చింది. చింతచిగురు గారూ, మీ పురుగుల ఫోటోలు, పూత, కాయ దగ్గరగా తీసినవి వికీమీడియా కామన్స్‌కు, అదే వికీపీడియా వాళ్ళు ఫోటోలు దాచే చోటుకు, ఇవ్వకూడదూ? తెలుగు వికీపీడియాలో కూరగాయల వ్యాసాలకు మన పెరటి ఫోటోలు ఎప్పుడూ కరువే. అక్కడ ప్రకటనలు లేవు, నెలసరి అద్దె లేదు. కాకపోతే ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకునే పుస్తకంలో కూడా. మీ పేరు రాయాలి, అంతే. ఇంట్లోవాళ్ళ ఫోటోలకు అది చోటు కాదు.

చింతచిగురు | జనవరి 13, ఉదయం 11:35

అమ్ముకునే పుస్తకంలో కూడానా? కాస్త కడుపు రగిలింది. తర్వాత ఆలోచిస్తే, పిండినల్లి ఫోటో మీద నాకు వచ్చే కోట్లేమిటి అనిపించింది. పురుగులు, కాయలు ఇచ్చేస్తాను. మేనకోడలు టొమాటో పట్టుకుని పళ్ళూడిన నోటితో నవ్వుతున్నవి ఇవ్వను. అవి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి మా బీరువాలో, ఒకటి రాజమండ్రిలో మా తమ్ముడి బీరువాలో.

డబ్బు కట్టాలా అన్న ప్రశ్నకు, కట్టడం లేదు. కోపంతో కాదు. కట్టినా ఆ లింకు నాది కాదని ఇప్పుడు తెలిసింది.

నిర్వాహకుడు | జనవరి 13, మధ్యాహ్నం 3:10

థ్రెడ్‌లో నిజంగా కావలసిన ఫోటోలు ఎన్ని? వెయ్యీ అక్కర్లేదు కదా. ఫైళ్ళ పాత పేర్లు మార్చకుండా ఒక కాపీ ఉంచండి. పాత లింకు చివర ఉన్న అక్షరాలు, ఫైలు పేరు ఒకటే అయితే డేటాబేస్‌లో పాత చిరునామా తీసి కొత్తది పెట్టడం నాకు ఒక గంట పని. సైజు 1,200 పిక్సెళ్ళకు తగ్గించి పంపండి, 2 ఎంబీ గొడవ ఉండదు. కనుమ దాటాక చేస్తాను.

చింతచిగురు | జనవరి 13, మధ్యాహ్నం 3:22

పేర్లు ఎగ్జిఫ్‌టూల్‌తో నిన్న రాత్రే మార్చేశాను…

నిర్వాహకుడు | జనవరి 13, మధ్యాహ్నం 3:24

జిప్ ఫైలు ఉందా, అది కూడా తీసేశారా?

చింతచిగురు | జనవరి 13, మధ్యాహ్నం 3:31

ఉంది ఉంది. గుండె ఆగినంత పనయింది.

స్టూడియో_మావయ్య | జనవరి 13, సాయంత్రం 5:00

ఒరిజినల్ మీద చెయ్యి వేయకూడదమ్మా. రీటచింగ్ ఎప్పుడైనా కాపీ మీదే.

పూతరేకు తల్లీ, నీ దగ్గరున్న ఆ చిన్న సైజువి రెండూ నాకు పంపు. సాఫ్ట్‌వేరుతో కొంచెం పెద్దవి చేయొచ్చేమో మా మనవడు చూస్తానన్నాడు. డబ్బులు తీసుకోను.

నిర్వాహకుడు | జనవరి 19, రాత్రి 11:50

అయింది. 412 ఫోటోలు వెనక్కి వచ్చాయి. పాత పేజీలు తెరిచి, ఎక్కడైనా తప్పు ఫోటో వచ్చిందేమో చూసి చెప్పండి. పదహారో పేజీలో "ఇదిగో మా కొత్త కంపోస్టు డబ్బా" అన్నచోట పిల్లి వచ్చింది.

చింతచిగురు | జనవరి 20, ఉదయం 6:40

పిల్లి కరెక్టే. డబ్బాలోనే పడుకునేది.

మానేరు | జనవరి 20, ఉదయం 7:15

అక్కా, నాలుగో పేజీలో తెల్లగా, తొడిమ దగ్గర ముళ్ళతో ఉన్నది ముళ్ళ వంకాయేనా? విత్తనాలు ఉంటే పోస్టులో పంపండి. కవరు ఖర్చు నేనే పెట్టుకుంటా, ఫ్రీ వద్దు.